గైల్ భాష పుట్టుపూర్వోత్తరములు

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు కార్మికుడు బాయిలోనికి దిగుటకు ముందు దీపపు గది యొద్ద ఆగును. అచ్చట ప్రతి దీపమునకును ఒక సంఖ్య కలదు. ఏ దీపము ఎవరి చేతికి పోయినదో లెక్క ఉండవలెను. దీపమును తలటోపీకి తగిలించుకొని, హాజరు వేయించుకొని, పిమ్మట అతడు ఇంక్లయిన్ దారి పట్టును. షిఫ్టు ముగిసిన తరువాత ఒక దీపము తిరిగి రాకున్నచో, లోపల ఎవరో మిగిలియున్నారేమో యని పైవారు విచారింతురు. బొగ్గు త్రవ్వుట కన్నులకు కనబడు పని. దాని వెనుక ఈ లెక్క కనబడని పని. రెండవది తప్పినచో మొదటిది సాగదు.

కంప్యూటరులోను ఇట్టి కనబడని పని యొకటి కలదు. తెరపై బొమ్మలు గీయు ప్రోగ్రామునే తీసికొందము. అది ఒంటరిగా పనిచేయజాలదు. అక్షరములను చూపుటకు ఒకటి, రంగులను కలుపుటకు ఒకటి, ఫైలును చదువుటకు ఒకటి, ఇట్లు పెక్కు చిన్న ప్రోగ్రాముల తోడు దానికి కావలయును. ఆ చిన్నవానికి మరికొన్ని కావలయును. ఏది దేనిపై ఆధారపడినదో ఎరిగి, కావలసిన వానినన్నిటిని తెచ్చి, యథాస్థానమున నిలిపి, అక్కర తీరినవానిని తొలగించు స్టోర్‌కీపరు వంటి ప్రోగ్రామునకు ప్యాకేజీ మేనేజరు అని పేరు. లినక్స్ కంప్యూటర్లలో ఇట్టివి అనేకములు కలవు. వానిలో గీక్స్ అనునది ఒకటి. దానిని వ్రాసిన భాష పేరు గైల్.

ఒక స్టోర్‌కీపరు ఏ భాషలో లెక్క వ్రాసికొనిననేమి, సరకు సరిగా అందిన చాలదా యని ఎవరైన అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. లెక్కపుస్తకమును చదువగలవాడు స్టోర్‌కీపరు ఒక్కడే అయినచో, తక్కినవారందరు అతడు ఇచ్చినది పుచ్చుకొని పోవలసినవారే అగుదురు. ఆ పుస్తకము అందరును నేర్వదగిన భాషలో ఉన్నచో, పుచ్చుకొనువాడు ఒకనాటికి ఇచ్చువాడు కాగలడు. గైల్ చరిత్ర యంతయు ఈ ఒక్క మాట చుట్టును తిరుగుచున్నది. సింగరేణి ప్రాంతపు విద్యార్థికి ఈ మాట దూరపుది కాదు. 1990 దశకపు తొలినాళ్లలో లక్షకు పైబడియుండిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు అందులో సగమునకంటెను తగ్గినది. తండ్రి దీపము కుమారునికి అందు కాలము వెనుకబడుచున్నది. ఇంటింట పిల్లలు కంప్యూటరు విద్య వైపు చూచుచున్నారు. వారు ఆ యంత్రమునకు వాడుకరులుగా మిగులుదురా, నిర్మాతలగుదురా అనుట ఇప్పటి ప్రశ్న.

ఇక మూలమును వెదకుదము. బొగ్గును వెదకువారు పై పొరనుండి క్రింది పొరకు దిగుదురు. ఇక్కడను అట్లే దిగవలెను.

పై పొర గీక్స్. దీనికి ముందు నిక్స్ అను మరియొక ప్యాకేజీ మేనేజరు కలదు. నెదర్లాండ్స్ దేశమున ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయమునందు ఎల్కో డోల్‌స్ట్రా అను పరిశోధకుడు 2003లో దానిని ప్రారంభించి, 2006లో ఆ విషయముపైననే డాక్టరేటు సిద్ధాంతగ్రంథము సమర్పించెను. అతడు ఎదుర్కొనిన చిక్కు ఇది. ఒక ప్రోగ్రామునకు క్రొత్త సంచిక వచ్చినపుడు పాతదానిని చెరిపి దాని చోటనే క్రొత్తది నిలుపుట వాడుక. పాతదానిని నమ్ముకొనియున్న ఇతర ప్రోగ్రాములు అంతటితో చెడిపోవచ్చును. డోల్‌స్ట్రా ఈ పద్ధతిని విడిచెను. ప్రతి ప్రోగ్రామును అది నిర్మితమైన సామగ్రి యంతటినుండియు గణించిన ఒక గుర్తుతో వేరు వేరు స్థానములందు ఉంచెను. సామగ్రిలో ఒక్క అక్షరము మారినను గుర్తు మారును, స్థానమును మారును. పాతది చెరగదు. క్రొత్తది నచ్చకున్నచో మరల పాతదానికి మరలవచ్చును. సంఖ్య గల దీపములను ఒకదాని స్థానమున ఒకటి పెట్టక వేరు వేరు గూళ్లలో ఉంచుట వంటిది ఈ ఏర్పాటు.

ప్రోగ్రామును ఎట్లు నిర్మింపవలెనో తెలుపు విధానపత్రమును వ్రాయుటకు నిక్స్ నిర్మాతలు ఒక ప్రత్యేక భాషను కల్పించిరి. అది ఆ పనికి మాత్రమే పుట్టిన భాష. ఫ్రాన్సు దేశీయుడైన లూడోవిక్ కూర్టెస్ నిక్స్‌తోను, గైల్‌తోను పరిచయము గలవాడు. అతడు 2012 నవంబరులో గీక్స్‌ను ప్రకటించెను. నిక్స్ సిద్ధాంతమును అతడు స్వీకరించెను. వెనుక నిలిచి నిర్మాణము జరిపించు భాగమును సైతము నిక్స్ నుండియే తెచ్చుకొనెను. భాషను మాత్రము మార్చెను. విధానపత్రములకు వేరొక క్రొత్త భాష వలదనియు, సర్వసాధారణ ప్రయోజనములు గల గైల్ భాషలోనే అవియు, వానిని నడపు సాధనములును ఉండవలెననియు అతని నిర్ణయము. పేరు, సంచిక, మూలము, నిర్మాణపద్ధతి, కావలసిన సామగ్రి, లైసెన్సు అను అంశములతో గీక్స్‌లోని ప్రతి విధానపత్రమును గైల్ భాషలోని ఒక వాక్యమే. దానిని వ్రాయ నేర్చినవాడు అదే భాషతో సాధనమునే సవరించుకొనవచ్చును. 2013లో మాడ్రిడ్ నగరమున జరిగిన ఐరోపా లిస్ప్ సదస్సులో కూర్టెస్ ఈ నిర్ణయమునకు కారణములను వివరించెను. 2019 మే నెలలో గీక్స్ 1.0 సంచిక వెలువడెను.

తెలుగు విద్యార్థికి ఇది తెలియని సంగతి కాదు. నన్నయకు ఆరోపితమైన ఆంధ్రశబ్దచింతామణి తెలుగు భాషకు వ్యాకరణమే; కాని వ్రాసినది సంస్కృతమున. తెలుగు నియమములను తెలిసికొనగోరువాడు ముందుగా సంస్కృతమును నేర్వవలెను. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన ఆంధ్రభాషాభూషణమును తెలుగు పద్యములలో వ్రాసెను. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును తెలుగు సూత్రములతో వెలయించెను. పరిభాష చాలవరకు సంస్కృతమే అయినను సూత్రము తెలుగు. భాషయు, ఆ భాషను గూర్చిన శాస్త్రమును ఒకే భాషలో నిలిచినవి. బాలవ్యాకరణమును చదివిన విద్యార్థి దాని లోపములను ఎత్తిచూపుటకు సైతము తెలుగే చాలును. కూర్టెస్ చేసిన పని ఈ తరగతిలోనిది.

రెండవ పొర గైల్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రణాళికను ప్రకటించెను. ఎవరైనను చదువదగినదియు, మార్చదగినదియు, పంచుకొనదగినదియు నగు ప్రోగ్రాముల సముదాయమును నిర్మించుట దాని ఆశయము. ఈనాడు లినక్స్ అని పిలుచుచున్న వ్యవస్థలో కెర్నెల్ అను గర్భభాగము 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించినది; దాని చుట్టునున్న సాధనములలో పెక్కులు గ్నూవి. ఈ సాధనములను వాడుకరి తన అవసరమునకు తగినట్లు పెంచుకొనుటకు ఒక అనుబంధభాష కావలసియుండెను. 1994 నాటికి టిసిఎల్ అను భాష ఆ స్థానమును ఆక్రమించు సూచనలు కనబడెను. అది నేర్చుటకు సులభము. అయినను ఆ ఏడాది సెప్టెంబరులో స్టాల్‌మన్ దానిని వాడవలదని బహిరంగముగ వ్రాసెను. అనుబంధభాష యని చిన్నచూపు చూచి చిన్న భాషను ఇచ్చినచో, వాడుకరి పెద్ద పనికి పూనుకొనిననాడు అది చేయి విడుచునని అతని వాదము. దీనిపై అనేక దినములు తీవ్రమైన చర్చ జరిగెను.

ఆ చర్చలనుండి పుట్టినది గైల్. టామ్ లార్డ్ దాని తొలి నిర్మాణమునకు పూనుకొనెను. అతడు దానిని శూన్యమునుండి తీయలేదు. ఆబ్రే జాఫర్ వ్రాసిన ఎస్‌సిఎం అను ప్రోగ్రామును ఆధారముగ గొనెను. ఆ ఎస్‌సిఎం అంతకు పూర్వము జార్జి కారెట్ వ్రాసిన సయోడ్ అను చిన్న ప్రోగ్రామునుండి పెరిగినది. మూలము అందరికిని తెరచియుంచుటచేత ఒకరి పని వేరొకరికి పునాది అయినది. అనుబంధములకై గ్నూ వారి సర్వవ్యాప్తమైన తెలివిగల భాష యను అర్థమిచ్చు ఆంగ్లపదముల ఆద్యక్షరములు కలిపినచో గైల్ అను పేరు వచ్చును. ఆంగ్లమున ఆ మాటకు జిత్తు, మాయ యనియు అర్థము కలదు. 2011లో వెలువడిన 2.0 సంచికతో ఈ భాష తన వాక్యములను ముందుగనే అనువదించుకొని వడిగా నడచు శక్తిని పొందెను. మరుసటి సంవత్సరమే గీక్స్ పుట్టుట దీనివలననే సుకరమయ్యెను.

సామాన్యులకు ఇట్టి భాషలు అందునా యను సందేహమునకు స్టాల్‌మన్ తన ప్రసంగమున ఒక ముచ్చట చెప్పియున్నాడు. 1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ అను ఇంజనీరు మల్టిక్స్ అను కంప్యూటరు వ్యవస్థకు ఈమాక్స్ అను వ్రాతసాధనమును తయారుచేసెను. దానిని పెంచుకొనుటకు గైల్‌కు పూర్వజయగు లిస్ప్ భాషను ఉపయోగించెను. అతని కార్యాలయమునందలి గుమాస్తా స్త్రీలు ఆ సాధనమును వాడసాగిరి. తమ పనికి తగినట్లు దానిని ఎట్లు మార్చుకొనవలెనో తెలుపు చిన్న పుస్తకమును వారికిచ్చిరి. ఆ పుస్తకమున ప్రోగ్రామింగ్ అను మాటయే లేదు. ఆ పేరు వినియుండిన తమవల్ల కాదని వారు వెనుదీసియుందురు. పేరు వినలేదు కావున భయపడలేదు. చదివిరి, చేసిరి, నేర్చిరి. ఉపాధ్యాయులు ఈ ముచ్చటను మరువరాదు. కఠినమని ముందే చెప్పి నేర్పిన విద్య ఎన్నడును సులభము కాదు.

మూడవ పొర స్కీమ్. గైల్ అనునది స్కీమ్ భాషకు ఒక రూపము. అమెరికాలోని ఎంఐటి సంస్థకు చెందిన కృత్రిమ మేధా ప్రయోగశాలలో 1975లో జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ అను ఇరువురు దీనిని రచించిరి. అప్పట్లో కార్ల్ హ్యూయిట్ అను సహోద్యోగి ఒక క్రొత్త గణనసిద్ధాంతమును ప్రతిపాదించియుండెను. ఒకరికొకరు వార్తలు పంపుకొను పాత్రల సమూహముగా గణనమును భావించుట అతని మార్గము. దానిని చక్కగా అర్థము చేసికొనుటకే సస్‌మన్, స్టీల్ ఒక చిన్న భాషను వ్రాసి చూచిరి. అందులో పాత్రలను కల్పించుటకు ఒక విధానము, ప్రమేయములను కల్పించుటకు ఒక విధానము పెట్టిరి. తీరా చూడగా ఆ రెంటిని నడపు భాగములు అక్షరాల ఒకటిగనే కనబడెను. రెండు వేరు వేరు భావములనుకొనినవి ఒక్కటే యని తేలెను. కావున ఒకటి తీసివేసిరి. స్కీమ్ చిన్నదగుటకు కారణమిది. దాని నియమములు కొలదిపాటి పుటలలో ఇముడును.

ఆ పేరునకును ఒక కథ కలదు. అంతకు ముందు ఆ ప్రయోగశాలలో ప్లానర్, కన్నైవర్ అను భాషలు పుట్టియుండెను. ఉపాయము పన్నువాడు, కుట్ర పన్నువాడు అని వాని అర్థము. ఆ వరుసలో దీనికి స్కీమర్ అని పేరిడిరి. కాని ఆనాటి వారి కంప్యూటరులో ఫైలు పేరు ఆరు ఆంగ్లాక్షరములకు మించరాదు. ఏడవ అక్షరము తెగిపోయి స్కీమ్ మిగిలినది. యంత్రపు పరిమితి భాషకు నామకరణము చేసినది.

నాల్గవ పొర లిస్ప్. స్కీమ్‌కు తల్లి లిస్ప్. 1958లో ఎంఐటిలో జాన్ మెకార్తీ దీనికి అంకురార్పణ చేసెను. బాలవ్యాకరణము వెలువడి ఆ ఏటికి సరిగా నూరేండ్లు. కృత్రిమ మేధ యను నేటి మాటకు మూలమైన ఆంగ్లపదబంధమును 1955లో వాడుకలోనికి తెచ్చినవాడును ఈ మెకార్తీయే. అప్పటివరకు కంప్యూటరు అనగా అంకెలను కూడి, తీసివేసి, గుణించు యంత్రమని లోకుల భావన. మాటలను, భావములను, వాని సంబంధములను సైతము యంత్రము నిర్వహింపవలెనని మెకార్తీ తలచెను.

లిస్ప్‌లో వాక్యరచన ఒక్కటే విధము. కుండలీకరణములలో మొదటి మాట క్రియ. తక్కినవి ఆ క్రియకు విషయములు. రెండును మూడును కూడుము అనుటకు (కూడుము 2 3) అని వ్రాసినట్లుండును. దీని ఫలము 5. ఆ ఫలమును నాలుగింతలు చేయవలెనన్నచో (గుణింపుము 4 (కూడుము 2 3)) అని వ్రాయుదురు. లోపలిది ముందు తేలును, పిదప వెలుపలిది. దీని ఫలము 20. తెలుగున క్రియ చివర నిలుచును, లిస్ప్‌లో మొదట నిలుచును. భేదమంతయు ఇంతే.

ఈ కుండలీకరణములను చూచి విద్యార్థులు బెదరుట కలదు. సమాసమును విడదీయ నేర్చినవారికి ఆ బెదురు అక్కరలేదు. గోదావరీతీరనగరవిద్యార్థులు అను సమాసమును తీసికొందము. గోదావరి యొక్క తీరము, ఆ తీరమునందలి నగరము, ఆ నగరమునందలి విద్యార్థులు. దీనిని (((గోదావరీ తీర) నగర) విద్యార్థులు) అని కుండలీకరణములతో చూపవచ్చును. విగ్రహవాక్యము చెప్పునపుడు విద్యార్థి మనసులో చేయు పని ఇదియే. ఏ పదము ముందు దేనితో కలిసినదో తెలిసికొనుటయే సమాసజ్ఞానము. లిస్ప్ ఆ కలయికను దాచక పైకి వ్రాయించును.

ఈ భాషకు గల గొప్ప లక్షణము వేరొకటి. ఆజ్ఞ వ్రాయు తీరును, సమాచారము వ్రాయు తీరును దీనిలో ఒకటే. రెండును జాబితాలే. కావున ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును చదువవచ్చును, మార్చవచ్చును, క్రొత్తదానిని పుట్టింపవచ్చును. లిస్ప్ వాక్యమునకు అర్థము ఎట్లు తేల్చవలెనో చెప్పు నియమమును మెకార్తీ లిస్ప్‌లోనే వ్రాసెను. అది కాగితముపై సిద్ధాంతము కొరకు మాత్రమే యని అతని తలంపు. అతని యొద్ద పనిచేయు స్టీవ్ రస్సెల్ ఆ నియమమును ఐబిఎం 704 అను యంత్రమునకు ఎక్కింతునని పూనుకొనెను. సిద్ధాంతమునకును ఆచరణకును తేడా తెలియక ఇట్లనుచున్నావని మెకార్తీ వారించెనట. రస్సెల్ వినక ఎక్కించెను. అది నడచెను. 1960 ఏప్రిల్‌లో మెకార్తీ తన వ్యాసమును ప్రకటించెను. తన వ్యాకరణమును తానే చెప్పుకొనగల భాష ఆనాడు యంత్రముపై నిలిచినది. విధానపత్రమును, సాధనమును ఒకే భాషలో వ్రాయవలెనని యాబది యేండ్ల తరువాత కూర్టెస్ చేసిన నిర్ణయమునకు బీజము ఇచ్చట కలదు.

ఈ పొరలోనే ఒక తెలుగువాని పేరు తారసపడును. మెకార్తీ 1962లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు తరలెను. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల్ రెడ్డిగారు, గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, ఆస్ట్రేలియాలో పై చదువు చదివి, కొంతకాలము అచ్చట ఐబిఎం సంస్థలో పనిచేసి, ఆ పిమ్మట స్టాన్‌ఫర్డ్ చేరిరి. మెకార్తీ పర్యవేక్షణలో 1966లో డాక్టరేటు గడించిరి. వారి కృషి లిస్ప్‌ను గూర్చినది కాదు. మనిషి మాటను యంత్రము గుర్తించుటను గూర్చినది. మెకార్తీకి 1971లో లభించిన ట్యూరింగు బహుమానము రెడ్డిగారికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి లభించినది. లిస్ప్ కర్తకు శిష్యుడైన ఈ పల్లెటూరి బిడ్డ, పల్లెటూరి బిడ్డల కొరకే 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి కులపతి అయ్యెను. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని ఆరేండ్లు చదివించు ఆ విద్యాసంస్థ కేంద్రములలో ఒకటి బాసరలో ఏర్పడినది. రామగుండము ప్రక్కన పారు గోదావరియే ఎగువన బాసర ప్రక్కన పారుచున్నది. 1958లో అట్లాంటిక్ తీరమున మొదలైన విద్యకును, ఈ నదీతీరపు పాఠశాలలకును మధ్య గల దూరము ఒక్క గురుశిష్య పరంపర మాత్రమే.

అయిదవ పొర కంప్యూటరుకంటెను పూర్వపుది. 1930 దశకమున ప్రిన్‌స్టన్‌లో అలాన్జో చర్చ్ అను తార్కికుడు, గణనము అనగానేమి యను ప్రశ్నకు సమాధానము వెదకుచు లాంబ్డా అను గ్రీకు అక్షరముతో ఒక చిహ్నపద్ధతిని కల్పించెను. ప్రమేయమును కల్పించుట, దానిని ఒక విషయమునకు అన్వయించుట, ఈ రెండు పనులే అందులో ముఖ్యములు. ఎట్టి గణనమునైనను ఈ కొలది సాధనములతో తెలుపవచ్చునని తేలినది. అప్పటికి నేటి కంప్యూటరు పుట్టలేదు. మెకార్తీ ఆ అక్షరపు పేరును లిస్ప్‌లోనికి తెచ్చెను. అది స్కీమ్‌లో నిలిచినది, గైల్‌లో నిలిచినది, నేడు గీక్స్ విధానపత్రములలోను కనబడుచున్నది.

మూలము దొరికినది కదా యని ఇంతటితో ఆగరాదు. గీక్స్ నిర్మాతలు మరియొక అడుగు దిగిరి. 1984లో ప్రచురితమైన తన ట్యూరింగు ఉపన్యాసమున కెన్ థాంప్సన్ ఒక హెచ్చరిక చేసెను. ప్రోగ్రాము మూలమును చదివి నిర్దోషమని తేల్చికొనినను, దానిని యంత్రమునకు అనువదించు కంపైలరు దోషియైనచో ఏమి గతి? ఆ కంపైలరును పుట్టించినది వేరొక కంపైలరు. దోషము మూలపాఠమున ఎచ్చటను కనబడకయే తరతరములకు సంక్రమింపగలదు. ఈ సంశయమునకు సమాధానముగ గీక్స్ వారు, మేస్ అను చిన్న స్కీమ్ సాధనపు తోడ్పాటుతో, అన్నిటిని మూలమునుండి క్రమముగ నిర్మించు మార్గమును వేసిరి. 2023 ఏప్రిల్‌లో వారు దానిని ప్రకటించిరి. ఇరువది రెండు వేలకు పైబడిన ప్యాకేజీల వంశవృక్షమునకు మూలముగ నిలిచినది 357 బైట్ల ప్రోగ్రాము. ఒక పోస్టుకార్డుపై వ్రాయదగినంత చిన్నది; ఓపికగల మనిషి ప్రతి అంకెను సరిచూడవచ్చును. ఈ నిర్మాణమును నడపించుటకు ముందే సిద్ధమైన గైల్ ప్రతి యొకటి అప్పటికిని అవసరముగనే ఉండెను. ఆ మాటను నిర్మాతలే దాచక చెప్పిరి. లోపమును చెప్పుకొనుటయు ఆ లెక్కలోని భాగమే.

ఈ చరిత్ర వలన గోదావరిఖని విద్యార్థికి కలుగు ప్రయోజనమేమి? స్కీమ్ నేర్చినంతనే ఉద్యోగము వచ్చునని చెప్పుట మోసము. ఉద్యోగపు ప్రకటనలలో కనబడు భాషలు వేరు. గీక్స్ కంటె విరివిగ వాడబడు ప్యాకేజీ మేనేజర్లును కలవు. కాని భాష యనునది ఎట్లు పుట్టునో, ఎట్లు పెరుగునో, ఎట్లు తన్ను తాను చెప్పుకొనునో ఒక్క మారు తెలిసినవానికి ఏ క్రొత్త భాషయు పరాయిది కాదు. ఒక వ్యాకరణమును లోతుగ చదివినవానికి రెండవ వ్యాకరణము సగము తెలిసినట్లే.

ఒక ఆక్షేపణ మిగిలియున్నది. ఈ భాషలలోని మాటలన్నియు ఆంగ్లములు కావా? నిజమే. నిర్వచనమునకు డిఫైన్ అందురు, షరతునకు ఇఫ్ అందురు. తెలుగు బడిలో చదివిన బాలికకు భావముకంటె ముందు ఈ మాటలే అడ్డుపడును. ఇచ్చటనే గైల్ చూపు సౌకర్యమొకటి కలదు. అందులో పేర్లను తెలుగు లిపిలో ఉంచవచ్చును. కూడిక చిహ్నమునకు కూడుము అని పేరిడినచో పైన చూపిన ఉదాహరణమే నిజమైన ప్రోగ్రామగును. అంతే కాదు, స్కీమ్ జాతి భాషలలో క్రొత్త వాక్యరూపములను వాడుకరియే కల్పించుకొనవచ్చును గనుక, డిఫైన్ అను మాటకు బదులు నిర్వచనము అను మాటను నిలుపుట కొన్ని పంక్తుల పని. భాషాకర్త యనుమతి అక్కరలేదు. ఒక తరగతిలో ఉపాధ్యాయుడును, నలుగురు విద్యార్థులును కూర్చుండి చేసికొనదగిన పని ఇది. పుస్తకములు, తప్పులు చూపు సందేశములు ఆంగ్లమున ఉండవచ్చును. వానికొరకు ఆంగ్లమును నేర్వవలసినదే. చిన్నయసూరి సూత్రములలోను పరిభాష సంస్కృతమే కదా. మొదటి పాఠము మాత్రము ఇంటి మాటలో జరుగవచ్చును. మొదటి పాఠమున బెదరని పిల్లలు రెండవ పాఠమునకు వత్తురు.

వేదాధ్యయనమునకు పేరెన్నికగన్న మంథని రామగుండమునకు దగ్గరిదే. అచ్చటి పండితులు పాణిని సూత్రములను చదివిరి. సంస్కృత భాషా నియమములను సంస్కృతముననే, అతిసంక్షిప్తమైన సూత్రములతో చెప్పిన గ్రంథమది. ఒక భాష తన నియమమును తన మాటలతోనే చెప్పుకొనవచ్చునను సంగతి ఈ నేలకు క్రొత్తది కాదు. మెకార్తీ దానిని పాణిని నుండి తీసికొనలేదు, తీసికొనెనని చెప్పుటయు తగదు. కాని ఆ భావము వినినపుడు ఇచ్చటి విద్యార్థి తెల్లబోవనక్కరలేదు. తెలుగు మాస్టరు చెప్పిన సమాసమును, లెక్కల మాస్టరు చెప్పిన కుండలీకరణమును ఒక్క చోట చేర్చి చూచినచో లిస్ప్ ద్వారము తెరచుకొనును. ఆ ఇరువురు ఉపాధ్యాయులును ఒకే బడిలో, ప్రక్క ప్రక్క గదులలో పాఠము చెప్పుచున్నారు. వారు కలిసి ఒక్క గంట పాఠము చెప్పినచో చాలును.

దీపపు గదిలోని లెక్క ఏనాడును రహస్యము కాదు. ఏ దీపము ఎవరిదో, ఎవరు దిగిరో, ఎవరు రాలేదో అడిగినవానికి చెప్పవలెను. బాయిలో దిగువాని ప్రాణము ఆ లెక్కపై ఆధారపడియున్నది. నేడు ఆస్పత్రి, బ్యాంకు, రైలు, విద్యుత్తు, అన్నియు ప్రోగ్రాములపై ఆధారపడియున్నవి. వాని లెక్కయు అడిగినవాడు చదువదగిన భాషలో ఉండవలెనని కొందరు నలుబది యేండ్లుగా పట్టుబట్టి పనిచేయుచున్నారు. వారి పట్టుదలకు గైల్ ఒక నిదర్శనము. ఆ లెక్కపుస్తకమును చదువనేర్చిన బిడ్డ బొగ్గుబాయి కాలనీలో ఒక్కరున్నను, ఆ కాలనీకి క్రొత్త దీపమొకటి చేరినట్లే.